చలి పడని మనిషి

చలి పడదట. ఎవరికి? చౌడేశ్వరికి. టికెట్ల కిటికీ దగ్గర నిలబడి కొడుకు కిరణ్‌కుమార్ నాలుగు వేళ్ళు చూపించి, "నాలుగియ్యండి, అమ్మకి చలి పడదు" అన్నాడు. ఆ మాట కిటికీ లోపలున్న మనిషితో అన్నాడు గానీ, పక్కనే మనవరాలి నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డ తల్లితో అనలేదు. అంతే, అయిపోయింది. కోడలు రేణుక ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి తన చేతిసంచీ ఒళ్ళో పెట్టింది, మనవరాలు ధనశ్రీ ఎండ టోపీ తీసి ఇచ్చింది, మొగుడు అంకమ్మరావు చెప్పులు విప్పి ఆమె కుర్చీ కిందకి కాలితో తోశాడు. లోపల బూట్లిస్తారట, చెప్పుల స్టాండు దగ్గర తొక్కిసలాటగా ఉందట, నువ్వెలాగూ ఇక్కడే ఉంటావుగా అన్నాడు. ఎలాగూ. ఆ ఒక్క మాట ఒంట్లో ఎక్కడో కాలింది ఆమెకి. క్రిస్మస్ మర్నాడు, మిట్టమధ్యాహ్నం దాటిన వేళ, బెజవాడలో చలికాలమన్నది కేలండర్లో తప్ప ఎక్కడా లేదు. టెంటుగుడ్డ కింద ప్లాస్టిక్ కుర్చీకి వీపు చెమటతో అంటుకుపోతోంది. ఎదురుగా తెల్లరేకుల షెడ్డు, దాని నెత్తిన అట్టతో చేసిన ఎలుగుబంటీ, పెంగ్విన్ పిట్టలూ, మంచు శిల్పాల లోకం అని నీలం అక్షరాలూ, పక్కన జనరేటరు బస్సంత మోత మోగుతూ నల్లటి పొగ కక్కుతోంది. లోపల గడ్డకట్టించడానికి బయట ఇంత కాల్చాలన్నమాట.

అసలు ఆయన వెళ్ళడమేమిటి? వినాయకచవితి వానల్లో మొదలుపెట్టి శివరాత్రి దాకా దగ్గే మనిషి, ఫ్యాను ఒకటి మీద పెడితే రెండో దుప్పటి అడిగే మనిషి, చల్లగాలి తగలనివ్వొద్దని డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పిన మనిషి. అద్దెకిచ్చిన ఎర్రకోటు తొడుక్కుని, ఎవరెవరి చెమటో పీల్చిన కోటది, పెళ్ళికొడుకులాగా నడుం మీద చేతులు పెట్టి ఫొటో తీయించుకుని మరీ వెళ్ళాడు. ఆయనకి చలి పడుతుందా అని ఒక్కరికీ తోచలేదు. ఆయన వస్తానన్నాడు, వచ్చాడు. ఆయనకేం కావాలో ఆయన నోటితో ఆయన చెప్తాడు, చౌడేశ్వరికి ఏం అక్కర్లేదో మిగతావాళ్ళందరూ చెప్తారు. బస్సులో కిటికీ పక్క సీటు అమ్మకి అక్కర్లేదు, గాలికి తల నొప్పెడుతుంది. సినిమా అమ్మకి అక్కర్లేదు, చీకట్లో నిద్రపోతుంది. ఆవకాయ బద్ద అమ్మకి అక్కర్లేదు, గిన్నెకంటిన పిండి ఉంటే చాలు. ఇలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే చివరికి అమ్మన్నది ఎవరు? చెప్పులకి కాపలా.

కాలికేదో తడిగా తగిలి కిందకి చూసింది. షెడ్డు గోడ అడుగు నించి ఒక గొట్టం బయటికొచ్చి ఉంది. అందులోంచి కరిగిన మంచునీళ్ళు సన్నగా కారి, మట్టిలో దారి చేసుకుని, సరిగ్గా ఆమె కుర్చీ కిందకే వచ్చి ధనశ్రీ చెప్పుల్ని తడుపుతున్నాయి. గబగబా చెప్పులన్నీ తీసి పక్క కుర్చీ మీద పెట్టింది, సంచులు పైకెత్తింది, మొగుడి చెప్పుల దగ్గర మాత్రం కాస్త ఆలోచించి తర్వాత తీసింది. తన కాలు తీయలేదు. బొటనవేలు ఆ నీళ్ళల్లో అలాగే ఉంచింది. జివ్వుమని పిక్క దాకా పాకింది చల్లదనం, ఎంత హాయిగా ఉందో. టికెట్టున్నవాళ్ళకి మంచు, లేనివాళ్ళకి దాని కడుగునీళ్ళు. పోనీలే, ఇవైనా నా దగ్గరికే వెతుక్కుంటూ వచ్చాయి అనుకుంది, అనుకున్నాక మళ్ళీ ఒళ్ళు మండింది, ఈ పోనీలేలతోనే కదా ఇంతదాకా వచ్చింది అని.

ఎవరికి పడదురా చలి? పెడనలో తమ ఇంట్లో మగ్గం గుంటలో కాళ్ళు దింపుకుని కూర్చునే దానికా? ముందుగదిలో నేలలోకి తవ్విన ఆ గుంట, అందులో తొక్కుడు పలకలు, పైన మగ్గం. పొద్దున్నే దిగేటప్పుడు మగ్గం కర్రని తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంటుంది, గుంట అంచున చెప్పు కాలు ఎవర్నీ పెట్టనివ్వదు. దిగగానే మట్టి చల్లదనం అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. ఆ చల్లదనం ఉండాలి, గాలి పొడిబారిందా పడుగు పోగులు పుటుక్కుమంటాయి, అందుకని ఎండాకాలం గుంటలో నీళ్ళు చల్లుకుని మరీ దిగుతారు. డిసెంబర్లో చల్లక్కర్లేదు, మంచుకి మట్టి దానంతటదే చెమరుస్తుంది. ఆ చలిలో తెల్లారుజామున వీధి పొడుగునా పడుగు చాపి గంజి పెట్టింది ఎవరు? వేళ్ళు కొంకర్లు పోతుంటే కుంచె పట్టింది ఎవరు? ఈయనకి దగ్గు ముదిరి గుంట దిగడం మానేశాక ఆ మగ్గం మీద చీర తర్వాత చీర దింపుతున్నది ఎవరు? ఇప్పటికీ వీధిలో అది అంకమ్మరావు మగ్గమే. వచ్చిన షావుకారు అంకమ్మరావుగారూ చీర బాగా వచ్చిందండీ అంటే, ఈయన అరుగు మీద కూర్చుని, ఏదో మీ దయండీ అంటాడు, లోపల్నించి మగ్గం మీద నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంటుంది ఇద్దరికీ.

ఇక ఆ చప్పుడూ ఉండదట. సోమవారం మేస్త్రీ వస్తాడట. ఇది కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఇందాక కార్లో వస్తుంటే బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగినప్పుడు ముందు సీట్లలో తండ్రీకొడుకులు మాట్లాడుకుంటుంటే విన్నది. మగ్గం విప్పి అటక మీద పెట్టేస్తారు, గుంట పూడ్చి సిమెంటు పోస్తారు, పైన టైల్సు, అద్దాల బీరువాలు రెండు, ముందుగది చీరల షాపు. కిరణ్ గవర్నర్‌పేటలో హోల్‌సేల్ చీరల కొట్లో పనిచేస్తాడు, సరుకు అరువు మీద వాడే పంపిస్తాడు, సూరత్ సరుకు, మరమగ్గం సరుకు, నాన్న గల్లా దగ్గర కూర్చుంటాడు, అమ్మకి రెస్టు. రెస్టు అన్నప్పుడు వాడు అద్దంలోంచి వెనక్కి చూసి నవ్వాడు కూడా, బహుమతి ఇస్తున్నవాడిలాగా. మోకాళ్ళ నొప్పులతో ఇంకా ఎన్నాళ్ళు దిగుతావమ్మా ఆ గోతిలోకి అన్నాడు. గొయ్యంట. వాడికి బడి ఫీజూ, కాలేజీ ఫీజూ, మొలకి బట్టా, ఆ పక్కన కూర్చున్న దగ్గుమనిషికి మందులూ ఆ గోతిలోంచి వచ్చినవే. తను నూలు చీరలు నేసిన నేల మీద టైల్సు వేసి, దాని మీద చెప్పుల కాళ్ళతో జనం తిరుగుతూ సూరత్ చీరలు బేరమాడతారు. ఊహకే అరికాళ్ళు మండాయి. చప్పున నీళ్ళల్లోంచి కాలు తీసుకుంది.

మరి అప్పుడే అనలేకపోయావా, వద్దురా అని? అనలేకపోయింది. ఎందుకు అనలేకపోయిందో చౌడేశ్వరికి బాగా తెలుసు, ఆ తెలియడమే ఇందాకట్నించీ చేపముల్లులా గొంతులో ఉంది. మోకాళ్ళ నొప్పులు లేవు. ఎప్పుడూ లేవు. అవి ఆమె పుట్టించినవే. శ్రావణంలో వియ్యపురాలు సుబ్బరత్నం ఇబ్రహీంపట్నంలో కొత్తింట్లో చేరుతూ పిలిచింది. వెళ్ళబుద్ధి కాలేదు. అంతకు ముందోసారి వెళ్తే బొట్టుపెట్టి చేతిలో చీర పెట్టింది సుబ్బరత్నం, జారిపోయే మిషను చీర, పైగా, "ఇది కట్టుకోండి వదినగారూ, గంజి పెట్టే బాధా లేదు, ఇస్త్రీ బాధా లేదు" అంది. పదిమంది ఆడవాళ్ళ ముందు, నేసేదాని చేతిలో. ఆవిడ చెడ్డది కాదు, తెలీదంతే, కానీ ఆ తెలియకపోవడమే మరీ గుచ్చుకుంది. అందుకని గృహప్రవేశానికి రానని ఉన్నమాట చెప్పలేక, కాళ్ళు నొప్పులురా, మెట్లెక్కలేను, మీరెళ్ళండి అంది. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. చిన్నప్పుడు కిరణ్ ఐసుబండి దగ్గర ఒక్క ఐసు కొనిపించుకుని, నువ్వు కొరుకమ్మా అని చెయ్యి చాపితే, నాకు పళ్ళు జివ్వుమంటాయిరా అన్నట్టే వచ్చింది. ఒక్క ఐసులో వాడికెక్కడ తగ్గుతుందోనని అన్న మాటది. అదే పెరిగి పెద్దదై, వాడి నోట్లో కాపురం పెట్టి, ఇవాళ నాలుగియ్యండి అమ్మకి చలి పడదు అని బయటికొచ్చింది. మోకాళ్ళ మాటేమో మేస్త్రీని వెంటేసుకొస్తోంది. అబద్ధం నాదే, సరే. కానీ ముప్ఫై ఏళ్ళు ఒకింట్లో ఉన్నవాళ్ళు, నిజంగా పడదా అమ్మా అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అడగరా? మోకాళ్ళ నొప్పులున్న మనిషి రోజూ గుంట ఎక్కి దిగుతుంటే కళ్ళకి కనపడదా? వాళ్ళకి నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మారు.

"మీవాళ్ళు కూడా లోపలికెళ్ళారాండీ?" అని పక్కనించి మాట వినపడింది. ఇందాకట్నించీ ఒక కుర్చీ అవతల కూర్చుని విసురుకుంటున్న పెద్దావిడ, తెల్లజుట్టు, అంచు చీర, చుట్టూ సంచులు. పేరు లక్ష్మీనరసమ్మట, టీచరుగా చేసి రిటైరయిందట, కొడుకూ కోడలూ పిల్లలూ లోపలున్నారట. మావాళ్ళు రమ్మని ఒకటే గొడవండీ, మనవడైతే ఏడ్చాడు కూడా, నేనే రానన్నాను, నాకు చలంటే చచ్చేంత భయం అంది నవ్వుతూ. "మిమ్మల్నీ బతిమాలే ఉంటారు."

"ఆఁ, బతిమాలకేం. చెయ్యి పట్టుకుని లాగారండీ. నేనే వద్దన్నాను" అంది చౌడేశ్వరి.

అనేశాక ఆ మాట తనకే వినపడింది. ఎవరు లాగారు చెయ్యి? ఎవరడిగారు నిన్ను ఈ చెయ్యి లాగడం అల్లమని? ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ ముందు, మళ్ళీ జన్మలో కనపడని మనిషి ముందు, కొడుకు పరువు కాపాడాలని ఎంత తొందరో నోటికి. వాళ్ళు అన్యాయం చెయ్యడం, దాని మీద తను గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యడం. వాళ్ళ మీదున్న కోపమంతా ఒక్కసారి గిరుక్కున తిరిగి తన మీదకొచ్చింది, వచ్చి అక్కడ ఆగక మళ్ళీ వాళ్ళ మీదకే పోయింది, ఇలా చెప్పడం అలవాటు చేసింది వాళ్ళు కాదా అని. ఆ అటూ ఇటూ కొట్టుకోవడంలో ఆమె ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలీదు. ఈ సామాను కాస్త చూస్తుంటారాండీ అని లక్ష్మీనరసమ్మని అడిగింది. ఆవిడ, అలాగే, ఎక్కడికండీ, బాత్రూముకైతే అటుపక్క అని చూపించబోయింది.

"లోపలికండీ" అంది చౌడేశ్వరి. "నన్నెవరూ లాగలేదు. ఊరికే అన్నాను."

కిటికీ దగ్గర ఒకటియ్యి నాయనా అంది, నడుం దగ్గర దోపుకున్న చిన్న పర్సు తీసి. కోట్లిచ్చే చోట ఒకమ్మాయి ఆమెని పైకీ కిందకీ చూసి, పెద్దమ్మా, లోపల బాగా చలి, ఉండగలరా అని అడిగింది. రోజూ వందమందిని అడిగే మాటే అయ్యుంటుంది, ఆ పిల్ల మొహం కూడా సరిగ్గా ఎత్తలేదు. అయినా పొద్దుట్నించీ ఇంతమందిలో తనని అడిగిన మనిషి ఆ పిల్లొక్కతే. ఉంటానమ్మా అంది చౌడేశ్వరి. మోకాళ్ళ దాకా వచ్చే కోటు, ఎవరి చెమటో కొట్టింది, కొట్టనీ. కుచ్చిళ్ళు ఎగదోపి బూట్లు తొడుక్కుని, దళసరి ప్లాస్టిక్ తెరలు తోసుకుని లోపలికి అడుగుపెట్టింది.

అమ్మో. ముక్కుపుటాలు అంటుకుపోయాయి. గుంట చలి ఎక్కడ, ఇదెక్కడ. ఇది కిందనించి మెల్లిగా పాకే చలి కాదు, మొహమ్మీద చాచి కొట్టే చలి. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగినా ముందుకే నడిచింది, తనవాళ్ళు ఎక్కడా కనపడలేదు. నీలం దీపాల వెలుగులో కృష్ణా బ్యారేజీ, తలుపులన్నీ మంచువే, ఒక్కో తలుపు కింద ఒక్కో దీపం. కొండపల్లి అంబారీ ఏనుగు, దాని తొండం చివర కరిగి బొట్టు వేలాడుతోంది. కూచిపూడి ఆడే పిల్ల, చెయ్యెత్తి పట్టిన ముద్రలో వేళ్ళు కలిసిపోయి పిడికిలైపోయాయి, ఎవర్నో కొట్టబోతున్నట్టుంది. బాగా చేశాడమ్మా ఎవడో అనుకుంది చౌడేశ్వరి. ముట్టుకోరాదు అని బోర్డుంది. అటూ ఇటూ చూసి అరచెయ్యి ఆ పిల్ల భుజం మీద ఆనించింది. చురుక్కుమంది, అంటుకుంది, ఇంకాస్సేపుంచింది. ఈ పిల్లకి సాయంత్రానికి ఇంకో రెండు వేళ్ళు పోతాయి, వారంలో మొహం పోతుంది, గొట్టంలోంచి బయటికొచ్చి ఎవరి చెప్పులో తడుపుతుంది. అడిగేవాళ్ళెవరు? సోమవారం ఇంకెంతో దూరం లేదు. గుంట ఉండాలంటే మోకాళ్ళు బాగున్నాయని చెప్పాలి. బాగున్నాయంటే మరి శ్రావణంలో ఏమైంది అత్తయ్యా అంటుంది రేణుక. అప్పుడు వాళ్ళమ్మ మాట చెప్పాలి, కోడలి మొహం మీద, మీ పుట్టింటికి రావడం ఇష్టం లేక అబద్ధమాడానని. చెప్తే ఆ పిల్ల మనసు విరుగుతుంది, విరిగింది మళ్ళీ అతుక్కుంటుందో లేదో. చెప్పకపోతే సిమెంటు. రెండిట్లో ఏది ముందు తను భరించగలదు అని ఆ వణుకులో నిలబడి ఆలోచించింది. ఆలోచించడానికి ఏమీ లేదని తేలేదాకా నిలబడింది. అరచెయ్యి తీసేసరికి ఎర్రగా కందిపోయి ఉంది.

బయటికొచ్చేసరికి అందరూ వరసగా నిలబడి ఉన్నారు, సంచులు పట్టుకుని. లక్ష్మీనరసమ్మగారు ఆమె లోపలికెళ్ళిందని చెప్పి, సామాను అప్పజెప్పి వెళ్ళిపోయినట్టుంది. అంకమ్మరావు దగ్గుతున్నాడు, దగ్గుల మధ్య ఏమైపోయావే, ఇందాకట్నించీ ఎదురుచూస్తున్నాం అన్నాడు. ధనశ్రీ పరిగెత్తుకొచ్చి నానమ్మా నువ్వు జారుడుబల్ల ఎక్కావా అంది. ఎక్కలేదమ్మా, కనపళ్ళేదు అంది చౌడేశ్వరి. కిరణ్ మొహం ఎర్రగా ఉంది, చలికో కోపానికో. చెప్పొచ్చు కదమ్మా, నేనే ఇంకో టికెట్టు తీసేవాణ్ణిగా, పదిమందిలో ఇలా ఎవరో పరాయివాళ్ళకి సామానప్పజెప్పి పోతే ఏమనుకుంటారు అని మొదలుపెట్టాడు.

"కిరణూ, మేస్త్రీకి ఫోన్ చెయ్యి. సోమవారం రావద్దని చెప్పు" అంది ఆమె.

వాడికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అయ్యాక, అదేంటమ్మా, నీకోసమేగా, నీ మోకాళ్ళు చూసేగా అన్నాడు. చౌడేశ్వరి వాడి మొహం చూడలేదు, రేణుక మొహమే చూసింది.

"నాకు మోకాళ్ళ నొప్పులు లేవమ్మా. శ్రావణంలో మీ అమ్మావాళ్ళింటికి రావడం ఇష్టం లేక అలా చెప్పాను. అంతకుముందు మీ అమ్మ నా చేతిలో మిషను చీర పెట్టి గంజి బాధ లేదంది, అది మనసులో పెట్టుకున్నాను. చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ తప్పు నాది. గుంట మాత్రం పూడ్చనివ్వను."

జనరేటరు మోతలో రేణుక పెదాలు కదలడం ముందు కనపడింది, తర్వాత మాట వినపడింది. "మా అమ్మ మీ కాళ్ళకని ప్రతినెలా నూనె కాచి పంపిస్తోంది అత్తయ్యా. ఆకులు తనే వెళ్ళి కోసుకొచ్చి." అనేసి ధనశ్రీ చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచిపోయింది. ఆ నూనె సీసాలు అటక మీద వరసగా ఉన్నాయి, మూత తీయనివి. చౌడేశ్వరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇవన్నీ ఇక్కడ, ఇప్పుడు చెప్పాలా అని అంకమ్మరావు గొణిగాడు. సిమెంటు పోశాక చెప్పనా అని అతని వైపు తిరిగింది. ఆయన దగ్గు అందుకున్నాడు.

కిరణ్ ఫోన్ తీశాడు. తీసి, తల్లికి వీపు చేసి, ఆఁ యేసుకుమారూ, హ్యాపీ క్రిస్మస్, ఏం లేదు, సోమవారం వద్దులే, ఇంట్లో ఏదో చిన్న ఇబ్బంది, వచ్చేనెల చూద్దాం అంటున్నాడు. ఆమె వాడి భుజం మీంచి చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"యేసుకుమారూ, నేనయ్యా, చౌడేశ్వరిని. ఇబ్బందీ లేదు, వచ్చేనెలా లేదు. మగ్గం మీద సగం చీరుంది, అదయ్యాక ఇంకోటెక్కుతుంది. నువ్వు రాకు. ఎవరు పిలిచినా రాకు."

అటునించి మేస్త్రీ, అలాగేనమ్మగారూ, మరి మోకాళ్ళెలా ఉన్నాయండీ అన్నాడు. ఊరంతా తెలుసన్నమాట. "బాగానే ఉన్నాయి" అని ఫోన్ కొడుకు చేతిలో పెట్టేసింది.

కార్లో ఈసారి రేణుక ముందు సీట్లో కూర్చుంది, అంకమ్మరావు వెనక్కొచ్చాడు. ఎండకి నిలబడ్డ కారు పొయ్యిలా ఉంది. చౌడేశ్వరి తలుపేసుకుని, ముందున్న ఆ బిగుసుకుపోయిన మెడ వెనకభాగాన్ని చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల కోపం న్యాయమే. ఎన్నాళ్ళుంటుందో, ఎన్నిసార్లు ఎత్తిపొడుస్తుందో, సుబ్బరత్నం ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో. అన్నీ పడాల్సిందే. అయితే తన కోపం కూడా న్యాయమే, అది ఇంకా అరచేతిలో మండుతూనే ఉంది, చల్లారమన్నా చల్లారదు. కిరణ్ తాళం తిప్పి, అలవాటుగా ఏసీ మీట మీదకి పోయిన చెయ్యి అక్కడే ఆపి, వెనక్కి చూడబోయి చూడలేక ఆగిపోయాడు.

రేణుక తల తిప్పలేదు. అద్దంలోంచి ఎదుటి రోడ్డునే చూస్తూ, పళ్ళ బిగువున అడిగింది.

"ఏసీ వెయ్యమంటారా అత్తయ్యా, వద్దా?"

"వెయ్యమ్మా" అంది చౌడేశ్వరి.